మన పళ్ళ మీది మరకలు, మన నేల, మన నీళ్లు



మా పెద్దమ్మాయి హైదరాబాదులో దంతవైద్యం చదువుతున్న సంగతి మీకు తెలిసిందే. నాలుగేళ్ల చదువు అయిపోయి ఇప్పుడు హౌస్‌సర్జన్‌గా ఏడాది చేస్తోంది. "పాప చదువు ఎందాక వచ్చింది అయ్యగారూ, అయిపోయినంక మన దగ్గరికే వస్తదా" అని ఊళ్లోవాళ్లే కాదు, భివండికి, దుబాయికి బతకపోయిన మనవాళ్లు కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ చేరుతుందని కూర్చున్నాం. కానీ ఆ చదువు సంగతి చెప్పాలంటే మన నేల గురించి, ఎండల గురించి, మన బోరు నీళ్ల గురించి చెప్పకుండా కుదిరేటట్టు లేదు. కాబట్టి ఈ వారం కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి.

మొదట సీటు సంగతి. నీట్ రాసింది. ఎంబీబీఎస్‌కు ర్యాంకు చాలలేదు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ దంత కళాశాలలో బీడీఎస్ వచ్చింది. ఆ వార్త చెప్పినప్పుడు చుట్టాల ముఖాలు చూడాలి. "పళ్ళ డాక్టరా? ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెట్టియ్యరాదు" అన్నవాళ్లే ఎక్కువ. పన్ను పీకడానికి ఐదేళ్ల చదువెందుకని ఒక పెద్దమనిషి నవ్వాడు కూడా. మాకు ఆ నవ్వు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పంటి నొప్పితో రాత్రంతా కూర్చున్నవాడికి తెలుస్తుంది అది చిన్న డాక్టరో పెద్ద డాక్టరో. అమ్మాయి మాత్రం వాళ్లతో వాదించలేదు. రాత్రి అన్నం తింటూ ఒక్క మాట అంది. "డాడీ, మన ఊళ్లె గుండె డాక్టరు ఎంతమందికి కావాలో నాకు తెల్వదు. పళ్ళ డాక్టరు అక్కరలేని ఇల్లు ఒక్కటి చూపెట్టు."

చూపెట్టలేం. మీరూ చూపెట్టలేరు. మన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పుట్టి పెరిగినవాళ్ల పళ్ళు ఎలా ఉంటాయో వేరేవాళ్లకు చెప్పాలి గానీ మనకు మనం చెప్పుకోనక్కరలేదు. సుద్దలాగ తెల్లటి గీతలు, వాటి మీద పసుపు, ఆ మీద కాఫీ రంగు మచ్చలు. కొందరికి గుంటలు పడి అంచులు రాలిపోతాయి. గార పళ్ళు అని పిలుస్తాం. మా అమ్మాయివీ అవే. ఏడో తరగతి నుంచి దానికి నవ్వినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు. అటువంటి పిల్ల పళ్ళ చదువుకే పోయింది.

కళాశాల ఉన్నది అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గర్లో, మూసీ ఒడ్డున. ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మొదటిసారి దింపడానికి పోయినప్పుడు ఆ చెట్టు చూసే వచ్చాం. ఆ మూసీయే వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మురికంతా మోసుకుని మన జిల్లాలోకి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంటే మా పిల్ల ఇక్కడి నుంచి అక్కడికి పోయిందన్నమాట.

మొదటి ఏడాది పళ్ళు చెక్కడం నేర్పుతారు. మైనం దిమ్మెలు ఇస్తారు. ఒక్కొక్క పన్ను కొలతలు పుస్తకంలో ఉంటాయి. ఆ కొలతకు, ఆ వంపుకు, నమిలే చోట ఉండే గాడులతో సహా చిన్న కత్తితో చెక్కాలి. మన వడ్లాయన బాడిసె పట్టినంత శ్రద్ధగా చెయ్యాలి. జూలై, ఆగస్టుల్లో బాగానే చెక్కింది. ఎండాకాలం వచ్చేసరికి మైనం మాట వినలేదు. హాస్టల్ గదిలో ఫ్యాను కింద కూర్చున్నా చేతి వేడికి దిమ్మె మెత్తబడి, ఒక గాడి గీస్తే పక్క గాడి పూడుకుపోయేది. చన్నీళ్ల గిన్నెలో ముంచి తీసి, ముంచి తీసి చెక్కుకునేవారట. ఒకసారి సెలవులకు వస్తూ చెక్కిన పళ్ళన్నీ డబ్బాలో పెట్టి తెచ్చింది, వాళ్లమ్మకు చూపించాలని. మధ్యాహ్నం బస్సు, కిటికీ పక్క సీటు, బయట 44 డిగ్రీలు. చౌటుప్పల్ దాటేసరికి కోరపళ్ళు, దవడ పళ్ళు అన్నీ కలిసి ఒకటే ముద్ద. ఇంటికొచ్చి ఆ ముద్ద బల్ల మీద పెట్టి ఏడ్చింది, మళ్లీ అదే నవ్వింది.

అప్పుడు మాకు వింతగా అనిపించింది గానీ, ఆ చదువులో ఎండకు, గాలిలో తడికి చాలా లెక్క ఉంది. పళ్ళ అచ్చు తీసే పొడి ఉంటుంది, ఆల్జినేట్ అంటారు. నీళ్లతో కలిపితే నాలుగైదు నిమిషాల్లో గట్టిపడుతుంది. నీళ్లు వేడిగా ఉంటే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. మే నెలలో ట్యాంకు నీళ్లతో కలిపితే నోట్లో పెట్టేలోపే గిన్నెలో బిగుసుకుపోతుంది. పన్ను నింపే కొన్ని సిమెంట్లను అద్దపు పలక మీద కలుపుతారు. పలక చల్లగా ఉంటే మంచిది. కానీ వానాకాలంలో మరీ చల్లబరిస్తే పలకకు చెమట పడుతుంది, ఆ తడి తగిలి సిమెంటు పాడవుతుంది. చల్లటి దేశాల్లో రాసిన పుస్తకాలు చదివి మన ఎండల్లో చేతులతో నేర్చుకోవాలి. పుస్తకం చెప్పిన నిమిషాలు వేరు, మన చేతుల కింద నడిచే నిమిషాలు వేరు అంటుంది అమ్మాయి.

హాస్టల్ గదిలో నలుగురు. ఒకమ్మాయిది ఆదిలాబాదు. దట్టమైన అడవులు, కుంటాల జలపాతం, చలికాలంలో ఎముకలు కొరికే చలి. ఇంకొకరిది భద్రాచలం దగ్గర, గోదావరి ఒడ్డు. మూడో పిల్లది జహీరాబాదు, నల్లరేగడి. రాష్ట్రం ఒకటే అంటాం గానీ కింద నేల ఒకటి కాదు. పడమటి అంచున, ఆదిలాబాదు వైపు కొంత, ఎప్పుడో పారిన లావా గడ్డకట్టిన నల్లరాయి. మిగతా చాలా భాగం మన దగ్గర కనబడే గ్రానైటు, 250 కోట్ల ఏళ్లనాటిది. పైన ఎర్ర చెలక, నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు. వానలూ అంతే. ఉత్తరాన 1000 మిల్లీమీటర్లు దాటితే మన వైపు 700 పడితే మంచి ఏడు అనుకుంటాం. నలుగురూ అద్దం ముందు నిలబడి పళ్ళు పోల్చుకున్నారట ఒకరోజు. మచ్చలున్నది మనపిల్లకే.

ఎందుకో మూడో ఏడాది తర్వాత పూర్తిగా తెలిసింది. ప్రజారోగ్య దంతవైద్యం అని ఒక సబ్జెక్టు ఉంది. ఆ పుస్తకంలో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతుల దగ్గర పేజీ తిప్పితే మన జిల్లా పేరు. 'నల్గొండ టెక్నిక్.' నాగపూరులోని నీరి సంస్థవాళ్లు రూపొందించిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేర్చి, పై నీళ్లు వాడుకోవడం. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. దేశదేశాల దంతవైద్య విద్యార్థులు పరీక్ష కోసం మన జిల్లా పేరు బట్టీ పడుతున్నారు. ఆ రాత్రి ఫోను చేసి, "డాడీ, మన పేరు పుస్తకంలో ఉంది. సంతోషపడాల్నా, సిగ్గుపడాల్నా" అని అడిగింది. జవాబు చెప్పలేదు, విన్నాం.

మన దేశంలో ఈ జబ్బు మొదట పుస్తకాలకెక్కింది మన జిల్లా నుంచి కాదు. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నెల్లూరు జిల్లా నుంచి. అంతకు ముందే అమెరికాలో కొలరాడో అనే కొండల రాష్ట్రంలో ఒక కథ జరిగింది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు పెన్సిల్వేనియాలో చదువు ముగించుకుని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి పోయాడు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పళ్ళన్నీ గోధుమరంగు మచ్చలే. ఊరివాళ్లకు అలవాటైపోయి, దానికి తమ రాష్ట్రం పేరే పెట్టుకున్నారు, కొలరాడో మరక అని. చదివిన పుస్తకాల్లో దాని ఊసే లేదు. 1909 నుంచి జి.వి. బ్లాక్ అనే పెద్ద పండితుడు ఆయనతో కలిశాడు. ఇది పైనుంచి పట్టిన మరక కాదని, పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే వచ్చిన లోపమని, పెద్దయ్యాక ఆ ఊరికి వలస వచ్చినవాళ్లకు రాదని తేల్చారు. నీళ్లలోనే ఏదో ఉందని మెకేకు గట్టి అనుమానం. అదేమిటో 1931 దాకా దొరకలేదు. ఒక అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త కొత్త పద్ధతిలో పరీక్షించి ఫ్లోరైడ్ అని చెప్పాడు. ఆ ఊరి పక్కన పైక్స్ పీక్ అనే కొండ, అదీ గ్రానైటే. 30 ఏళ్లు పట్టింది, ఒక మరక ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి!

ఇందులో ఇంకో మలుపు ఉంది. ఆ మచ్చల పళ్ళు తక్కువగా పుచ్చుతున్నాయని కూడా మెకే గమనించాడు. దాని మీద పరిశోధన సాగి, 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్లో నల్లా నీళ్లకు కొద్దిగా ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మనం తీసెయ్యడానికి తంటాలు పడేదాన్ని వాళ్లు కొలిచి కలుపుకుంటున్నారు. అంతా మోతాదులో ఉంది. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా. మన వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు.

మరి ఎందుకంత? అమ్మాయి మాకు చెప్పిన పద్ధతిలోనే చెబుతాం. గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాన తక్కువ. ఆ తక్కువ వాన రాతి పగుళ్లలోకి ఇంకి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి రాయిని కడుక్కుంటుంది. ఎండకు పై నీరు ఆవిరైపోతుంది, ఉన్నది చిక్కబడుతుంది. చెరువులు, ఊట బావులు ఎండిపోయి మనం 300 అడుగులు, 500 అడుగులు బోర్లు దింపి ఆ పాత నీళ్లే పైకి తోడుకున్నాం. ఇది నేల సంగతి. దీని మీద ఎండ సంగతి వేరే. ఎండలో పనిచేసే మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు. అవే నీళ్లు చలి దేశంలో రోజుకు రెండు మూడు గ్లాసులు తాగే పిల్ల ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ వేరు, మన చెలకల్లో బిందె పక్కన పెట్టుకుని తాగే పిల్ల ఒంట్లోకి పోయేది వేరు. అమెరికాలో కూడా 1962 నుంచి 2015 దాకా నీళ్లలో ఎంత కలపాలన్నది ఆ ప్రాంతపు ఎండను బట్టి, 0.7 నుంచి 1.2 దాకా, మార్చి పెట్టుకున్నారట. వేడి ఊళ్లకు తక్కువ, చలి ఊళ్లకు ఎక్కువ. మన రాయి, మన ఎండ రెండూ కలిసి మన పిల్లల మీదే పడ్డాయి.

మరొకటి చాలామందికి తెలియదు. ఈ మచ్చలు పడేది పన్ను బయటికి వచ్చాక కాదు. పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ల దాకా, పక్కా పళ్ళు చిగుళ్ల లోపల తయారవుతున్నప్పుడు. అందుకే బడికి పోయే పిల్లవాడి ముందు పళ్ళు చూస్తే వాడు చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఏ నీళ్లు తాగారో తెలిసిపోతుంది. మిషన్ భగీరథ 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర మొదలై, నది నీళ్లు నల్లాల్లో మన ఇళ్ల దాకా వచ్చాయి. ఆదివారం బడి పిల్లల్ని ఒకసారి వరసగా నిలబెట్టి చూడండి. అక్కకు మచ్చలు, చిన్న తమ్ముడికి పాలలాంటి పళ్ళు. ఒకే తల్లిపిల్లలు, ఒకే ఇల్లు. నడుమ మారింది నీళ్లు.

ఇది మీకు ఇంత పొడుగున ఎందుకు చెబుతున్నామంటే, మన ఊళ్లల్లో ఈ మచ్చల్ని చూసి మనుషులు అనే మాటలు మేము వింటూనే ఉన్నాం. పళ్ళు తోముకోనివాళ్లు అని, పొగాకు నమిలే రకం అని, ఆ ఇంటి వంశానికే ఉందని. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న కూడా ఇదే తీరు. పాపం వీడిదా, కన్నవాళ్లదా అని. ప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు. మన సంఘంలోనే ఒక చెల్లెలికి, పేరు చెప్పం, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్లను నవ్వమని అడిగి, చూసి, కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. ఆ రోజు నుంచి వాళ్లమ్మ ఆమె చిన్న చెల్లెలికి రోజూ ఇటుక పొడితో పళ్ళు రుద్దించింది. చిగుళ్లు నెత్తురు కారేదాకా. మచ్చ పోలేదు, ఉన్న పింగాణీ అరిగిపోయి చన్నీళ్లు తాగితే జివ్వుమనడం మొదలైంది. లోపల తయారైన మచ్చను ఇటుకపొడి ఏం చేస్తుంది, బొగ్గుపొడి ఏం చేస్తుంది?

నాలుగో ఏడాదిలో విద్యార్థుల్ని బడులకు తీసుకుపోతారు. పిల్లల నోరు పగటి వెలుతురులో చూసి, మచ్చల తీవ్రతను డీన్ ఇండెక్స్ అనే పట్టీ ప్రకారం రాసుకోవాలి. ఒక బడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు పెదవులు బిగించుకుని కూర్చున్నారట. అద్దం పట్టుకుని నిలబడ్డ నగరం పిల్లలకు నోరు తెరవలేదు. మా అమ్మాయి మాస్కు తీసి, "నావి చూడుండ్రి ముందు" అని పళ్ళన్నీ చూపించిందట. ఆ తర్వాత వరస కదిలింది. అది చెప్పినప్పుడు వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అలాగని తన పళ్ళను అట్లాగే ఉంచుకోవాలని పంతం ఏమీ పట్టలేదు. హౌస్‌సర్జన్సీలో ఉండగా సీనియర్ల చేత ముందు పళ్ళు ఆరింటికి చికిత్స చేయించుకుంది. పైపైన మచ్చల్ని మందుతో సన్నగా అరగదీసి, గుంటలున్న చోట పంటి రంగు పదార్థం పూశారు. మేము సంతోషించాం. మచ్చ ఉండటంలో గొప్ప లేదు, తీయించుకోవడంలో సిగ్గూ లేదు. ఒకటే సంగతి, చెయ్యి ఇప్పటికీ నోటి దగ్గరికి పోతోంది. నవ్వు మొదలయ్యాక గుర్తొచ్చి దించుకుంటుంది.

అది చెప్పిన మరికొన్ని మాటలు తల్లులు గమనించాలి. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. చిన్నపిల్లలకు పేస్టు బియ్యపు గింజంత చాలు, మింగనివ్వకూడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని తేలింది. అట్లని చింతపండు మందు అనుకోవద్దు, చెడ్డ నీళ్లు తాగుతూ పులుసు తింటే సరిపోదు. మన పులుసు మానుకోనక్కరలేదని మాత్రం మాకు అర్థమైంది.

ఇక మన చర్చి బోరు సంగతి. నల్లా రెండు మూడు రోజులు రాకపోతే, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, చుట్టుపక్కలవాళ్లు మళ్లీ ఆ బోరు దగ్గరికే బిందెలు తెస్తున్నారు. పత్తి ఏరను పోయే ఆడవాళ్లు సీసాలు నింపుకుంటున్నారు. కిందటి నెల ఆ నీళ్లు పరీక్షకు పంపించాం. పరిమితికి బాగా మించి ఉందని కాగితం వచ్చింది. యువకులు పంపుకు ఎర్ర రంగు వేశారు. బట్టలకు, గిన్నెలకు, చెట్లకు వాడుకోండి, తాగడానికీ వంటకూ వద్దు. పొలానికి పోయేవాళ్ల కోసం చర్చి వరండాలో రెండు పెద్ద కుండల్లో నల్లా నీళ్లు పెడుతున్నాం. పొద్దున ఆరింటికే నింపుతారు.

వచ్చే శనివారం మా అమ్మాయి, దాని స్నేహితులు ముగ్గురు, వెంట వాళ్ల మేడమ్ గారు వస్తున్నారు. ఏ మతంవాళ్లైనా, ఏ వాడవాళ్లైనా పిల్లల్ని తీసుకురావచ్చు. పళ్ళు పగటి వెలుతురులో చూడాలి కాబట్టి తొమ్మిది గంటలకల్లా వస్తే మంచిది, పన్నెండు దాటితే వరండాలో కూర్చోలేం, ఎండ. వచ్చేటప్పుడు మీ ఇంట్లో తాగే నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో పట్టి తెండి. సీసా మీద ఇంటిపేరు, నల్లాదా బోరుదా అన్నది రాయండి. రాయడం రానివాళ్లు ఊరికే తెండి, మా చిన్నవాడు గుమ్మం దగ్గర పెన్ను పట్టుకుని కూర్చుంటాడు.